కాలిన మోటార్లో తెల్ల దారం

దయ్యాల్ని నమ్మే తీరిక నాకెప్పుడూ లేదు. గొప్ప కోసం అంటున్న మాట కాదిది. దర్శిలో మోటార్ వైండింగ్ షాపు నడిపే ఆడదాని బతుకేంటో తెలిస్తే మీరూ అదే అంటారు. పొద్దున్నే షట్టర్ ఎత్తితే కాలిన మోటార్లు, వాటి వెనకాలే మండిపోతూ వచ్చే రైతులు. వాళ్లకి సమాధానం చెప్పేసరికే నా నోరు పడిపోయేది. ఇంక దయ్యాలతో మాట్లాడే ఓపిక ఎక్కడిది?

పైగా మా పనిలో దయ్యం కేసులు బోలెడు. ఒకసారి తాళ్లూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి, "చేలో మోటారు దానంతటదే లేస్తోందమ్మా, నిమ్మకాయలు కోశాం, వేపమండలు కట్టాం, ఆగట్లేదు" అని ఏడుపు మొహం పెట్టాడు. వెళ్లి చూస్తే స్టార్టర్ పెట్టెలో కొడుకు ఆటో స్విచ్ పెట్టించాడు. కరెంటు రాగానే మోటారు లేస్తుంది. అంతే దయ్యం. తండ్రితో ఒక్క మాట చెప్పకుండా పెట్టించినందుకు ఆ కొడుకుని నాలుగు తిట్టి ఇంటికొచ్చాను.

కాబట్టి నేను చెప్పేది విని, ఈవిడ కూడా మొదలుపెట్టింది అనుకోకండి. నేను చూసింది పట్టపగలు, షాపు షట్టర్ బార్లా తెరిచి ఉండగా. ఎదురుగా ఇంకో మనిషి కూర్చుని ఉన్నాడు. చూసింది చూసినట్టు చెప్తాను, అర్థం మీరే చెప్పండి. నాకైతే ఇప్పటికీ తెలీదు.

మా నాన్న పేరు సైదులు. మా తాతలు దూది ఏకేవాళ్లు. పెద్ద విల్లు పైనుంచి వేలాడదీసి, దాని నారిని చెక్క గూటంతో కొడుతుంటే పత్తి విడివిడిగా లేచి పడుతుంది, ఆ పని. మిషన్లు వచ్చాక ఆ పని పోయింది. నాన్న గుంటూరు వెళ్లి మోటార్ వైండింగ్ నేర్చుకుని వచ్చి, కురిచేడు రోడ్డులో షాపు పెట్టాడు. తాతల పనిలోంచి ఒక్కటే వెంట తెచ్చుకున్నాడు. ముడి.

ఆ ముడి సంగతి ఇక్కడే చెప్పాలి. మోటారు లోపల రాగి తీగ చుట్టలు ఉంటాయి. ఆ చుట్టల కొసల్ని నూలు దారంతో బిగించి కట్టి, పైన వార్నిష్ పోసి ఆరబెడతాం. మోటారు స్టార్ట్ అయినప్పుడల్లా లోపల ఆ చుట్టలు అదిరిపడతాయి. కట్టు సడలిందా, తీగలు ఒకదానికొకటి రాసుకుని పైపూత పోయి షార్టయిపోతుంది. ఇంకేముంది, మోటారు ఫట్.

నాన్న కట్టేది వింటి నారికి కట్టే ముడి. రోజంతా గూటం దెబ్బలు తిన్నా సడలని ముడి. లాగేకొద్దీ బిగుస్తుంది. ఆయన చుట్టిన మోటారు ఎందుకు కాలదో జనానికి తెలీదు, సైదులు చెయ్యి మంచిది అనుకునేవాళ్లు. చెయ్యి మంచిదే. కాకపోతే అది ఎడమ చెయ్యి. ఊళ్లో ఆయన్ని పుర్రచెయ్యి సైదులు అనేవాళ్లు. అన్నం కుడిచేత్తో తినేవాడు గానీ, దారం పట్టాడంటే ఎడమ చెయ్యే.

పదో తరగతి తప్పాక నేను షాపులో కూర్చున్నాను. తీగ చుట్టడం, మీటర్ పెట్టి చూడటం, బేరింగ్ కొట్టడం, అన్నీ నేర్పాడు. ముడి మాత్రం నేర్పలేదు. నేర్పకూడదని కాదు. ఆయన ఎదురుగా కూర్చుని చూస్తే నాకు తిరగబడి కనిపించేది, పక్కన కూర్చుని చేస్తే నా కుడి చెయ్యి అడ్డం వచ్చేది. నాలుగుసార్లు చూపించి విసుగొచ్చి, "నీది కుడిచెయ్యి, నాది పుర్రచెయ్యి, ఇట్టా కుదరదే అమ్మాయ్. ముందు నేను కుడిచేత్తో కట్టడం నేర్చుకుంటా, అప్పుడు నీకు చూపిస్తా. అందాకా ముళ్లు నేను వేస్తాలే" అన్నాడు.

అందాకా, అందాకా అంటూ ఏళ్లు గడిచాయి. నేను తీగ చుట్టేదాన్ని, ఆయన ముడి వేసేవాడు. తర్వాత గుండె జబ్బు చేసింది. ఒంగోలు ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. కొన్నాళ్లు మంచం మీద ఉండి, ఒకరోజు మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు. రెండు వేల సంవత్సరం దాటిన తర్వాత సంగతి ఇది.

నాన్న పేరున చదివించే ఫాతిహాలు అయ్యాక షాపు తెరిచాను. తెరిచిన దగ్గర్నుంచీ మొదలైంది నా ఖర్మ. నేను చుట్టిన మోటార్లు తిరిగి రావడం మొదలుపెట్టాయి.

తీగలో తప్పు లేదు. చుట్లలో తప్పు లేదు. విప్పి చూస్తే ప్రతిసారీ అదే జబ్బు, కట్టు సడలి తీగలు రాసుకున్నాయి. ఏ ముడి వేసినా వార్నిష్ ఆరేలోపే కాస్త వదులయ్యేది. కాస్తంటే కాస్తే, కానీ మోటారుకి అది చాలు. నాన్న చుట్టిన పాత మోటార్లు తెచ్చి, ఆయన ముడి విప్పి చూసి నేర్చుకుందామనుకున్నాను. విప్పడానికి వస్తేగా! వార్నిష్‌లో ఉడికి ఉడికి రాయి అయిపోయింది. కత్తి పెడితే పొడి పొడిగా రాలింది. వినుకొండలో మా చుట్టాల్లో దూది ఏకిన ముసలాళ్ల దగ్గరికి వెళ్లాను. ఒకాయనకి చూపు ఆనట్లేదు. ఇంకొకాయన, "విల్లు అమ్ముకుని ఎన్నేళ్లయిందో, ముడి ఎవరికి గుర్తుంటుందమ్మా" అని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

వచ్చిన ప్రతివాడూ ఒకటే పాట. మీ నాయన ఉంటేనా. మీ నాయన చేతి మోటారు మా మామగారి చేలో ఇంకా తిరుగుతోంది. మీ నాయన, మీ నాయన. ఆ మాట వింటే ఒళ్లు మండిపోయేది. బోర్డు మీద "సైదులు మోటార్ వైండింగ్ వర్క్స్" అని ఉంది కదా, ఆయన్ని పిలుచుకోండి అనేదాన్ని.

అప్పటికి మా మేనమామ ఇంకో పాట మొదలుపెట్టాడు. ఆడపిల్ల చేత అవుతుందా ఈ ఇనుప పని, షాపు సెల్‌ఫోన్ల వాళ్లకి అద్దెకిచ్చెయ్యండి, హాయిగా కూర్చుని తినండి అని. అమ్మ మొదట ఊరుకోలేదు గానీ, మోటార్లు తిరిగి వస్తున్నకొద్దీ ఆమె కూడా మెత్తబడింది. నాకు వచ్చింది ఆ ఒక్క పనే. అది కాస్తా చేతిలోంచి జారిపోతుంటే గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాను.

ఆఖరికి కోటయ్య మామ దగ్గర ఆగింది. ఆయన మా నాన్నకి స్నేహితుడు, మిరప రైతు. బావి మీద మోనోబ్లాక్ మోటారు, పంపూ మోటారూ కలిసి ఒకే ముక్కగా ఉండేది. నేను చుట్టి ఇవ్వడం, కాలడం, మళ్లీ తేవడం, మళ్లీ కాలడం. ఆ వేసవి మొదట్లో మళ్లీ ట్రాక్టర్ మీద తెచ్చి షాపు ముందు దబ్బున దింపాడు.

"చెట్టు నిండా కాయ ఉందమ్మాయ్. నీళ్లు లేకపోతే ముడుచుకుపోద్ది. సైదులు మొహం చూసి ఇదే ఆఖరుసారి. ఈసారి కాలిందంటే బోర్డు నువ్వే పీకెయ్, నేను పీకితే బాగోదు" అన్నాడు.

అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు. ఆయన పోతే ఆ చుట్టుపక్కల రైతులంతా పోతారు. మేనమామకి అంతకంటే కావలసిందేముంది?

తీగ మొత్తం కొత్తగా చుట్టాను. కట్టు దగ్గరికొచ్చి ఆగిపోయాను. దారం పట్టుకుని కూర్చుంటాను, ఒక ముడి వేస్తాను, లాగుతాను, జారుతుంది, పీకి పారేస్తాను. ఇదే పని. సరిగ్గా ఆ సమయంలో దిగబడింది బొమ్మ రైలు.

చీమకుర్తిలో గ్రానైట్ కటింగ్ యూనిట్ ఓనరు ఒకాయన ఉన్నాడు. వాళ్ల యూనిట్ మోటార్లు ఒకప్పుడు నాన్న చుట్టేవాడు. వాళ్ల రాయి కొనే విదేశీ వ్యాపారి ఒకాయన వచ్చినప్పుడు ఈ రైలు బహుమతిగా ఇచ్చాడట. జానెడు పొడవు ఎర్ర ఇంజను, నాలుగు పెట్టెలు, పట్టాలు. ఆఫీసులో బల్ల మీద పెట్టుకున్నారు. ఇంజను ఆగిపోయింది. ఆ విదేశీ ఆయన వారంలో మళ్లీ వస్తున్నాడు, ఆయన ఇచ్చింది తిరగకపోతే బాగోదని ఓనరుగారి బాధ. ఒంగోలులో చూపిస్తే, ఇది బొమ్మండీ, పారేసి ఇంకోటి కొనుక్కోండి అన్నారట. అప్పుడు ఆయనకి దర్శి సైదులు గుర్తొచ్చాడు. సైదులు పోయాడని తెలీదు.

దాన్ని పట్టుకొచ్చింది ఆయన డ్రైవరు సాంబయ్య. నడి వయసు మనిషి. ఇంజను కళ్ల ముందునుంచి పోనివ్వొద్దని ఓనరు చెప్పాడట, స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. సామాను మార్చేస్తామని భయం.

"బాబాయ్, నా దగ్గర రైతుల మోటార్లు ఉన్నాయి. బొమ్మలు బాగుచేసే తీరిక లేదు" అన్నాను.

"బాగవకుండా వెనక్కి తెస్తే నన్ను కూడా పనిలోంచి దిగిపొమ్మన్నాడమ్మాయ్" అన్నాడు పాపం. సరే, తెమ్మన్నాను. నిజం చెప్పాలంటే కోటయ్య మామ మోటారు వైపు చూడ్డానికే నాకు భయంగా ఉంది. దానికంటే ఈ బొమ్మ నయం అనుకున్నాను.

ముందు టార్చిలైటు బల్బు తీసి, ఆయన వెంట తెచ్చిన పట్టాలకి పెట్టి చూశాను. వెలిగింది, అంటే పట్టాల్లో కరెంటు బాగానే వస్తోంది. ఇంజను చక్రం వేలితో తిప్పితే తిరగట్లేదు. అడుగున మూత తీశాను. గేర్ల మధ్య బూడిద రంగు ముద్ద. వాళ్ల ఊరి రాతి పొడి, దాని మీద ఎవరో మహానుభావుడు దట్టంగా పెట్టిన గ్రీజు, రెండూ కలిసి సిమెంటు అయిపోయాయి.

"దీంతో ఏం చేశారు బాబాయ్, నిజం చెప్పు" అన్నాను.

మొదట ఏమీ చెయ్యలేదన్నాడు. తర్వాత మెల్లగా బయటపెట్టాడు. బేరానికి వచ్చినవాళ్లకి గ్రానైట్ శాంపిల్ ముక్కలు చేతికివ్వకుండా ఈ రైలు పెట్టెల్లో పెట్టి పంపుతారట. ఓనరు బల్ల ఈ చివర్న కూర్చుంటాడు, వచ్చినవాళ్లు ఆ చివర్న. రైలు రాళ్లు మోసుకుంటూ వెళ్తుంది. చూసినవాళ్లంతా భలే అంటారట.

"గ్రానైటా? ఈ ఇంజను చేతా?"

"చిన్న ముక్కలేనమ్మాయ్."

"ఇంకేం చేశారు?"

ఒకరోజు బేరం మధ్యలో కరెంటు పోయిందట. రైలు సగంలో ఆగితే పరువు పోతుందని, బయట ఉన్న టిప్పర్ బ్యాటరీల నుంచి వైర్లు లాగి పట్టాలకి తగిలించారట. రెండు బ్యాటరీలు, రెండూ కలిపి, అంటే రెట్టింపు కరెంటు. రైలు ఒక్కసారి ఎగిరి పడి, పొగొచ్చి ఆగిపోయిందట. నేను తల పట్టుకున్నాను. రైతులు నయం అనిపించింది.

గేర్లు కిరోసిన్‌లో కడిగాను. చక్రాలు తిరిగాయి, మోటారు మాత్రం కదల్లేదు. మోటారంటే బొటనవేలంత డబ్బా. దానికి రెండు స్క్రూలు. స్క్రూల తలల మీద ఎర్ర పెయింటు చుక్కలు. ఫ్యాక్టరీలో బిగించాక పెట్టే సీలు అది. విప్పితే పెయింటు పగులుతుంది, మళ్లీ అతుక్కోదు. రెండు చుక్కలూ గీత లేకుండా ఉన్నాయి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. నేను స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే పెయింటు పటుక్కున పగిలింది. సాంబయ్య ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు.

డబ్బా తెరవగానే మాడు వాసన గుప్పుమంది. లోపలికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు అరిగి పొడైపోయాయి. లోపల తిరిగే భాగానికి మూడు చుట్టలు. తీగ వెంట్రుకంత. మూడూ నల్లగా మాడిపోయి ఉన్నాయి. పైపూత పెచ్చులు లేచి రాలుతోంది.

ఆ మూడు నల్ల చుట్టల్లో ఒకదాని మీద తెల్ల దారం కట్టి ఉంది.

మసి కూడా అంటలేదు. ఇప్పుడే కండె నుంచి తీసి కట్టినట్టు తెల్లగా ఉంది. నూలు దారం, మేము మోటార్లకి వాడేలాంటిది. వార్నిష్ లేదు, పచ్చి దారం. ముడి కాస్త వంకరగా ఉంది, పని కొత్తగా నేర్చుకునేవాడు కట్టినట్టు. కానీ ఆ ముడి ఏదో చూడగానే తెలిసింది. పదేళ్లు పక్కన కూర్చుని చూసిన ముడి తెలియకుండా ఎలా ఉంటుంది?

"ఇంజన్లో దారం కూడా ఉంటదా?" అన్నాడు సాంబయ్య ముందుకు వంగి.

"ఉండదు బాబాయ్" అన్నాను.

ఉండదు. ఇలాంటి చిన్న మోటార్లలో దారం కట్టరు. కట్టినా, తీగ మాడి బొగ్గయినప్పుడు దారం ముందు కాలుతుంది. దీన్ని బట్టి ఆ దారం తీగ కాలిన తర్వాత కట్టింది అయ్యుండాలి. కాలిన తర్వాత కట్టాలంటే డబ్బా విప్పాలి. విప్పితే పెయింటు పగలాలి. పెయింటు పగలగొట్టింది నేను.

ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. ఎవరో నాతో ఆటలాడుతున్నారనుకున్నాను.

"ఎవరు విప్పారు బాబాయ్ దీన్ని? మా మేనమామ పంపించాడా నిన్ను?"

"మీ మేనమామ ఎవరో నాకు తెలిస్తే ఒట్టు. అడుగున మూత తీసి గ్రీజు పెట్టింది నేనే, అంతవరకే. ఆ డబ్బా జోలికి ఎవరూ పోలేదు. నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు. ఆయన మొహం చూస్తే అబద్ధం ఆడే మొహం కాదు. టిప్పర్ బ్యాటరీ సంగతే దాచలేకపోయిన మనిషి.

"ఈ రైలు మా నాన్న ఎప్పుడైనా పట్టుకున్నాడా?"

రైలు వచ్చింది మొన్న దసరా దాటాక, ఆఫీసులో అందరి ఎదుటా పెట్టె విప్పారు అన్నాడు. అప్పటికి నాన్న పోయి ఏడాది దాటింది.

కత్తెర పట్టుకున్నాను. ఎప్పుడూ దారం కత్తిరించడమే అలవాటు. కత్తెర దగ్గరికి పోయాక చెయ్యి ఆగింది. పచ్చి దారం. వార్నిష్ లేదు. అంటే ఇది విప్పొచ్చు.

చిన్న పట్టకారుతో కొస పట్టుకుని మెల్లగా వెనక్కి లాగాను. ఎక్కడ్నుంచి వచ్చిందో చూసుకుంటూ, ఒక్కో మెలికా వదులు చేశాను. రెండు చుట్లు, కొస కింద నుంచి వెనక్కి, పైన్నుంచి ముందుకు, మళ్లీ మొదటి చుట్టు సందులోకి. ఇంతేనా! ఇన్నాళ్లూ నన్ను ఏడిపించింది ఈ సందులోకి దూర్చే ఆఖరి మెలికా! పట్టుకున్న దారం పట్టుకున్నట్టే స్క్రూడ్రైవర్ పిడికి కట్టాను. లాగాను. బిగిసింది. వేలితో మీటితే టింగుమంది. విప్పాను, మళ్లీ కట్టాను. మళ్లీ విప్పాను.

"అమ్మాయ్, నా ఇంజను" అన్నాడు సాంబయ్య.

"నీ ఇంజను ఎక్కడికీ పోదు, ఊరుకో బాబాయ్" అని కసిరాను. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, ఆయన చూడకూడదని.

ఎన్నిసార్లు కట్టానో. అలా కడుతుండగా ఒక సంగతి తట్టింది. చెయ్యి ఎక్కడా అడ్డం రావట్లేదు. నా కుడి చెయ్యి హాయిగా పోతోంది. లేచి, అరలో నాన్న చుట్టిన పాత మోటారు తీసి, రాయి అయిపోయిన ఆయన ముడి పక్కన నేను కట్టింది పెట్టి చూశాను. అదే ముడి. కాకపోతే ఆయనది ఎడమకి పోయింది, నాది కుడికి. అద్దంలో చూసుకున్నట్టు ఉన్నాయి. ఇంజన్లో ఉన్నది మా నాన్న ముడే. కానీ కుడిచేత్తో కట్టిన ముడి.

నాకు వచ్చిన ఆలోచన సాంబయ్యకి చెప్పలేదు. ఎవరికి చెప్పినా నవ్వుతారు.

ఆ సాయంత్రానికి కోటయ్య మామ మోటారు కట్టు మొత్తం ఆ ముడితో కట్టాను. వార్నిష్ పోసి, రెండు రోజులు ఎండబెట్టి ఇచ్చాను. ఆ మధ్యలోనే బొమ్మ మోటారు పని కూడా చూశాను. అంత సన్న తీగ నా దగ్గర ఎక్కడుంటుంది? ఒక పాత స్టార్టర్ రిలే కాయిల్ విప్పి, ఆ తీగతో మూడు చుట్టలూ చుట్టాను. కళ్లు లాగేశాయి. కార్బన్ ముక్కలు పెద్ద కార్బన్ అరగదీసి చేశాను. చివర్లో ఆ తెల్ల దారాన్నే మళ్లీ దాని మీద కట్టాను, ఎక్కడిది అక్కడే ఉండనీ అని.

ఇక్కడ నా తెలివి చూడండి. కట్టి, అలవాటు కొద్దీ వార్నిష్‌లో ముంచేశాను! ముంచాక గుర్తొచ్చింది, ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ నా చేత్తోనే రాయి చేసేశానని. ఇప్పుడు ఎవరైనా అది విప్పి చూస్తే, సైదులు కూతురు కట్టిన కట్టే కదా అంటారు.

ఇంజను తిరిగింది. సాంబయ్య దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్లాడు. రాళ్లు మోయించొద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. సరే సరే అన్నాడు, వింటారని నాకేమీ నమ్మకం లేదు.

కోటయ్య మామ మోటారు కాలలేదు. ఆ వేసవంతా రోజూ పొద్దున్నే, ఇవాళ వస్తాడు, ఇవాళ మోటారు దింపుతాడు అని రోడ్డు వంక చూసేదాన్ని. రాలేదు. కోతలు అయ్యాక వచ్చాడు, చేతిలో ఎండుమిరపకాయల సంచి. షాపులో పెట్టి, "మా చేలో కాయే, వాడుకోండి" అన్నాడు. కాసేపు కూర్చుని, "మీ నాయన" అని మొదలుపెట్టాడు. నేను గయ్యిమన్నాను, మళ్లీ మొదలెట్టావా మామా అని. "అది కాదే, మీ నాయన చూస్తే మురిసిపోయేవాడు అంటున్నా" అన్నాడు. టీ తెప్పించాను.

సెల్‌ఫోన్ల షాపు మా మేనమామ ఇంకోచోట పెట్టించుకున్నాడు. బోర్డు అలాగే ఉంది.

తర్వాత కొన్నాళ్లకి సాంబయ్య అలాంటి ఇంజనే ఇంకొకటి తెచ్చాడు. విదేశీ ఆయన రెండోది ఇచ్చాడట, దానికీ రాళ్లు ఎక్కించారు, దాన్నీ కాల్చారు. నా తిట్లు తిని కూర్చున్నాడు. అదే రంగు, అదే కంపెనీ, అవే ఎర్ర చుక్కలు. స్క్రూలు విప్పాను. మూడు నల్ల చుట్టలు, మాడు వాసన. దారం లేదు. సాంబయ్య కూడా వంగి చూసి, "ఈసారి దారం పెట్టలేదేంటి?" అన్నాడు.

నాకు కోపం ఎవరి మీదో తెలుసా? నాన్న మీదే. వచ్చేవాడివి బతికున్నప్పుడే ఒక మాట చెప్పి ఉండొచ్చు కదా. పోనీ తర్వాతైనా, ఊరినిండా నేను చుట్టిన మోటార్లు ఉన్నాయి, కోటయ్య మామ మోటారు షాపులోనే ఉంది, అందులో పెట్టొచ్చు కదా. బొమ్మ ఇంజన్లో, చీమకుర్తి నుంచి, రాతి పొడిలో నుంచి రావాలా? ఆ సాంబయ్య దాన్ని ఒంగోలులోనే పారేసి ఉంటే?

అమ్మకి చాలాకాలం చెప్పలేదు. చెప్తే వెంటనే దర్గాకి బయల్దేరదీస్తుందని. మరుసటి సీజన్లో ఒకరోజు, వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ మాటల్లో చెప్పేశాను. దారం సంగతి, ముడి సంగతి, అది కుడిచేతి ముడి అన్న సంగతి. నవ్వుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె చేతిలో మిరపకాయ కింద పెట్టింది.

"ఆస్పత్రి నుంచి వచ్చాక మీ నాయన చేసిన పని నీకు తెలీదు. నువ్వు పొద్దున షాపుకి పోతే సాయంత్రానికి వచ్చేదానివి" అంది. "మంచంకోడుకి దారం కట్టుకుని కుడిచేత్తో కుస్తీ పట్టేవాడు. పొద్దస్తమానం అదే పని. రావట్లేదే, రావట్లేదే అని విసుక్కునేవాడు. పడుకోవయ్యా, ఇప్పుడెందుకీ దారాలు అని నేనే తెంపి పారేసేదాన్ని. మళ్లీ కట్టేవాడు."

"ఎందుకో అడగలేదా?"

"అడిగా. అమ్మాయికి మాటిచ్చా అన్నాడు. జబ్బు మనిషి ఏదో అంటున్నాడులే అనుకున్నా."

"ఒక్కసారైనా వచ్చిందా అమ్మా, ఆ ముడి?"

లేదంది. పోయిన రోజు పొద్దున కూడా కట్టాడట, లాగితే జారిపోయిందట, చిరాకుపడి అటు తిరిగి పడుకున్నాడట.

ఇద్దరం కాయలన్నీ అయ్యేదాకా తొడిమలు తీశాం. చేతులు భగభగ మండాయి.

నేను చూసిన ముడి కాస్త వంకరగా ఉంది. అంతకు మించి నాకేమీ తెలీదు. అయినా మా నాన్న మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. ప్రతి మోటారుకీ ఆ ముడి కడతాను, కట్టిన ప్రతిసారీ ఆయన్ని ఒక మాట తిట్టుకుంటాను. తర్వాత లాగి చూస్తాను. జారదు.